నిదానమెరిగిన మేస్త్రి: సర్ హెన్రీ రాయిస్ చరితము

మన సంఘ వార్షిక మహాసభా సంచికకు ఒక మహనీయుని జీవితమును వ్రాసి యిమ్మని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. సంస్కృతము చదివి, జీవితమంతయు బడిలో శబ్దములను ధాతువులను వల్లెవేయించిన మావంటివారు ఒక కవినో, రాజర్షినో, మతాచార్యునో యెన్నుకొందురని వారు తలంచి యుందురు. మేమెన్నుకొన్నది అట్టి చరిత్రము గాదు. చితికిపోయిన పిండిమర యజమానికి కడగొట్టు బిడ్డయై పుట్టి, నిలుకడగా చదువుకొను భాగ్యము లేక, వీధులలో వార్తాపత్రికలమ్మి, చేతులకు నూనెమసి యంటించుకొని, తుదకు లోకమున మిక్కిలి పేరుగన్న మోటారు కారులకు తన పేరిచ్చిన యొక మేస్త్రి చరిత్రమును చెప్పబూనితిమి. ఆయన సర్ ఫ్రెడరిక్ హెన్రీ రాయిస్. మాకు ఆయనయందు గౌరవము కలిగించినది గ్రంథపఠనము గాదు. ఆదోనినుండి యెమ్మిగనూరునకు పోవు దారిలో ఒక పాతకారు నిలువవలసినచోట నిలువక పోవుటయే అందులకు కారణము.

కొన్ని యేండ్ల క్రిందట మన బంధువర్గములో ఒక వివాహము జరిగెను. పెండ్లికొడుకును ఊరేగించుటకై 1930 ప్రాంతపు విలాసవంతమైన కారు నొకదానిని హైదరాబాదునుండి తెప్పించిరి. పొడవైన ముందుభాగము, పెద్ద దీపములు, తోలు ఆసనములు గల ఆ బండిలో పెద్దరికమును బట్టి మమ్మును గూర్చుండబెట్టిరి. ఆదోని దాటి కొంతదూరము పోయిన పిమ్మట పత్తిమూటల లారీ యొకటి దారికడ్డముగా వెనుకకు తిరుగుచుండెను. డ్రైవరు బ్రేకు త్రొక్కెను. పెడలు రాతివలె గట్టిగా నుండెను గాని బండివేగము తగ్గలేదు. అతడు చేతిబ్రేకును లాగి, గేరును దించి, బండిని ప్రక్కచేనిలోనికి త్రిప్పి, లారీకి మూరెడు దూరమున నిలిపెను. ఎవరికిని దెబ్బ తగులలేదు. కాని పెండ్లికొడుకు తల్లికి ఆనాడు అన్నము సహింపలేదు.

ఆ కారు నొక షెడ్డునకు చేర్చిరి. అక్కడివారు దానిని జాకీలపై నెత్తి, పెడలు త్రొక్కించి, ముందుచక్రములు పట్టుటలేదని ముందుబ్రేకుల లైనింగులను మార్చిరి, కడ్డీలను బిగించిరి. బండి చల్లగా నున్నంతసేపు కొంత మేలనిపించి, నాలుగైదు మైళ్లు నడచినంతనే మరల మొదటికి వచ్చెను. రెండవసారి లైనింగులు మార్చినను అట్లే యయ్యెను. దోష మెక్కడ నుండెనో, దానిని కనుగొన్నవాడెవ్వడో కడపట చెప్పుదుము. అది చక్కగా బోధపడుటకు ముందు రాయిస్ జీవితము తెలియవలెను.

రాయిస్ 1863 మార్చి 27వ తేదీన ఇంగ్లండు దేశమున పీటర్‌బరో పట్టణమునకు సమీపమునగల ఆల్వాల్టన్ గ్రామమున జన్మించెను. తండ్రి జేమ్సు పిండిమర వ్యాపారమున నష్టపడి, లండను నగరము చేరి, 1872లో గతించెను. అప్పటికి బాలునికి తొమ్మిదేండ్లు. కడుపునకు కూడు సంపాదించుటకై ఆ పసివాడు రైలుస్టేషనుల వద్ద వార్తాపత్రికలమ్మెను. కొంతకాలము ధనవంతుల యిండ్లకు తంతివార్తలు మోసెను. దగ్గరి బంధువురాలొకతె వాని యాసక్తిని గనిపెట్టి, ఏటికి 20 పౌనులు చెల్లించి, పీటర్‌బరోలోని గ్రేట్ నార్తర్న్ రైల్వే కర్మాగారమున పని నేర్చుకొనుటకు చేర్చెను. ఆ 20 పౌనులే ఆయన జీవితమునకు మూలధనము. అయిన నేమి? మూడేండ్లు గడచునప్పటికి ఆ పుణ్యాత్మురాలికి ధనము చాలక పోయెను. నేర్పు సగములో నిలిచిపోయెను.

పని వెదకికొనుచు ఆయన లీడ్సు పట్టణమునకు పోయి, పనిముట్లు చేయు కర్మాగారములో వారమునకు 11 షిల్లింగుల కూలికి కుదిరెను. ఆ వారమున పనివేళ 54 గంటలు. అటుపిమ్మట విద్యుద్దీపముల కంపెనీలో చేరి, పగలు పనిచేయుచు, రాత్రులు పాఠములు వినెను. లివర్‌పూలు నగరమున దీపములు పెట్టించు పనిలో నుండగా ఆ కంపెనీయు మూతపడెను. అప్పుడు ఆయన అధైర్యపడక, 1884లో తాను కూడబెట్టుకొన్న 20 పౌనులకు స్నేహితుడైన ఎర్నెస్టు క్లేర్‌మాంటుగారి 50 పౌనులు జోడించి, మాంచెస్టరు నగరమున కుక్ వీధిలో చిన్న కార్ఖానా తెరచెను. ఇద్దరును కార్ఖానా పైనున్న గదిలోనే కాపురముండి, అక్కడనే వండుకొని తినిరి. గంటలు, దీపపు పిడులు మొదలుకొని డైనమోలు, విద్యుచ్ఛక్తితో బరువులెత్తు క్రేనులు చేయువరకు ఆ కార్ఖానా పెరిగెను. రాయిస్ క్రేనులు పాడుకావన్న ఖ్యాతి దేశమున వ్యాపించెను.

1903లో ఆయన డెకోవిల్ అను ఫ్రెంచి కంపెనీవారి పాతకారు నొకదానిని కొనెను. అది చప్పుడు చేయుచు, వేడెక్కుచు, నమ్మరానిదై యుండెను. అన్యులైనచో అమ్మివేసి మరియొకటి కొనియుందురు. రాయిస్ దానిని విడదీసి యొక్కొక్క భాగమును ముందిడుకొని, ఇది యేల వేడెక్కవలెను, ఇది యేల మ్రోగవలెనని విచారించెను. మంచిదైన భాగమును మంచిదని యుంచుకొనెను. చెడ్డదానిని తిరిగి గీసెను. అట్లు ఆయన చేసిన మొదటికారు 1904 ఏప్రిల్ 1వ తేదీన కుక్ వీధి వాకిలి దాటి బయటికి వచ్చెను. ఆ సంవత్సరమే మే 4వ తేదీన మాంచెస్టరులోని మిడ్లాండు హోటలులో చార్లెసు రోల్సు అను యువకుడు ఆయనను కలిసికొనెను. రోల్సు ప్రభువంశీయుడు, విద్యాధికుడు, లండనులో కారుల వ్యాపారి. ఇతడు తంతివార్తలు మోసిన మేస్త్రి. ఈ యిరువురి పేరులు కలిసి 1906లో రోల్స్ రాయిస్ కంపెనీ యేర్పడెను. కులీనత యొకటి, కౌశలమొకటి చేయి కలిపినప్పుడు కలుగు ఫలమునకు ఇంతకన్న మంచి యుదాహరణము మాకు తోచదు.

రాయిస్ ప్రతిభ యెట్టిదని యడిగినచో, నూతనవస్తువులను కల్పించుటకన్న దోషముల మూలమును కనుగొనుటయం దధికమని చెప్పుదుము. వైద్యశాస్త్రమున రోగకారణమును నిదానమందురు. తెలుగున నిదానమనగా తొందరపడకుండుట. ఈ రెండర్థములును ఆయనయందు ఒకటే యయ్యెను. విరిగిన భాగమునకు బదులు క్రొత్తభాగము వేయుటతో ఆయన తృప్తి చెందలేదు. అది యేల విరిగెనో తెలియువరకు పనిని ముగింపలేదు. 1907లో సిల్వర్ ఘోస్టు అను కారును సుమారు 15,000 మైళ్లు పరీక్షగా నడపిరి. ఆరువందల మైళ్లు దాటినపిమ్మట ఒకసారి పెట్రోలు కుళాయి అదురునకు తానే మూసికొనుటచేత బండి నిలిచెను. తరువాత 14,371 మైళ్లు అనుకోకుండ నిలిచిన సందర్భమే లేదు. పరీక్షానంతరము కారును పూర్తిగా విప్పి, అరిగిన భాగములను మార్చుటకు రెండు పౌనుల చిల్లర మాత్రమే వ్యయమయ్యెనని మధ్యవర్తులు నిర్ణయించిరి. 1912లో అదే జాతి కారొకటి ఆస్ట్రియా దేశపు కాట్ష్‌బెర్గు కనుమ నెక్కలేక ప్రయాణికులను దింపవలసి వచ్చెను. రాయిస్ ఆ యవమానమును దాచలేదు. గేరుపెట్టెకు నాలుగవ గేరు చేర్పించెను. మరుసటి యేడు అవే కొండలపై ఆ కారులు కీర్తి గడించినవి.

ఇక బ్రేకుల మాట. వేగము నిచ్చుటకన్న వేగమును నిలుపుట కష్టతరము. ఆ కాలపు కారులకు బ్రేకులు వెనుకచక్రములకే యుండెను. నిజాము కుటుంబమునకు చెందిన 1912 నాటి సిల్వర్ ఘోస్టు కారును హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమున మనవారిలో పలువురు చూచియుందురు, అదియు నట్టిదే. ముందుచక్రములకు బ్రేకులు పెట్టుటకు నిర్మాతలు జంకిరి. ఏలయన ఆ చక్రములు ప్రక్కలకు తిరుగవలెను. తిరిగినప్పుడు కడ్డీలు లాగబడరాదు. ఒక చక్రము ముందుగా పట్టినచో బండి ప్రక్కకు దూకును. పైగా టన్నులకొలది బరువుగల బండిని కాలిబలముతో మాత్రమే నిలుపుట సామాన్యునికి సాధ్యము కాదు.

ఈ చిక్కును 1919లో విడదీసినవాడు రాయిస్ గాడు. హిస్పానో సూయిజా కంపెనీలో పనిచేసిన మార్కు బిర్కిట్ అను స్విస్ దేశస్థుడు. రాయిస్ ఈ విషయమున తొందరపడలేదు, అసూయపడనులేదు. పరుని యుపాయము మేలని తెలిసికొని, ఆ కంపెనీకి రుసుము చెల్లించి, హక్కు పొంది, తన పద్ధతిని తన కారులకు తగినట్లు దిద్దుకొనెను. 1924 నాటికి సిల్వర్ ఘోస్టునకును, 1925లో దాని తరువాత వచ్చిన ఫాంటమునకును నాలుగుచక్రముల బ్రేకులు వచ్చినవి. ఈ సహాయకయంత్రము ఆ కంపెనీ ప్రధాన కారులలో 1965లో సిల్వర్ షాడో వచ్చువరకు నిలిచియుండెను.

దాని పని యిట్టిది. గేరుపెట్టె ప్రక్కన పళ్లెము వంటి బిళ్ల యొకటి యుండును. కారు నడచునప్పుడు అది మెల్లగా తిరుగుచుండును. డ్రైవరు పెడలు త్రొక్కినప్పుడు ఆ బలములో కొంత సూటిగా వెనుకచక్రముల బ్రేకులకు పోవును. అదే సమయమున రాపిడి లైనింగుగల మరియొక బిళ్ల ఆ తిరుగుబిళ్లకు ఒత్తుకొనును. తిరుగుబిళ్ల దానిని పట్టి తనతోగూడ కొంత త్రిప్పును. ఆ త్రిప్పుటచేత కడ్డీలు లాగబడి ముందు వెనుకల బ్రేకులన్నియు బిగియును. అడవియేనుగును పట్టుటకు పెంపుడేనుగునే పంపినట్లు, కారు పరుగుచేతనే కారు నిలుపబడును. కాలు చేయవలసినది సంజ్ఞ మాత్రమే. ఇందు రెండు విశేషములు గమనింపదగినవి. మొదటిది, ఆ రాపిడిబిళ్ల పొడిగా నుండవలెను. ప్రక్కనే యున్న గేరుపెట్టెలోని నూనె దానిపైకి రారాదు. రెండవది, కారు నిలిచియున్నప్పుడు ఆ బిళ్ల తిరుగదు గనుక సహాయము చేయదు. నిలిచియున్న కారులో ఎంత త్రొక్కినను ముందుచక్రములు పట్టకుండుట దోషము గాదు. అది దాని స్వభావము.

ఈ పనులన్నియు ఆయన కర్మాగారమునకు దూరముగా నుండి చేయించెను. 1910 జూలై 12వ తేదీన రోల్సు విమానప్రమాదమున మరణించెను. మరుసటి యేడు రాయిస్ ఆరోగ్యము చెడెను. 1912లో గొప్ప శస్త్రచికిత్స జరిగెను. యంత్రములలోని యరుగుదలను క్షణములో కనిపెట్టిన యా మహామేధావి, తన దేహమున జరుగుచున్న యరుగుదలను గమనింపలేదు. యౌవనమున తిండి మరచి, నిద్ర మరచి పనిచేసెను. పాలగ్లాసుతో ఒక కుర్రవానిని కార్ఖానాలో ఆయన వెంట త్రిప్పవలసి వచ్చెడిదట. యంత్రమునకు బ్రేకు ఎంత యవసరమో దేహమునకును అంతేయని ఆయన జీవితమే మనకు చెప్పుచున్నది. ఇది మేమనుకరింపదగని భాగము. అటుపిమ్మట శీతకాలమున ఫ్రాన్సు దేశపు ల కనడెల్ గ్రామమునను, మిగిలిన కాలమున ఇంగ్లండు సముద్రతీరమునను నివసించుచు, డర్బీలోని కర్మాగారమునకు జాబులమూలమునను చిత్తులమూలమునను ఆజ్ఞలు పంపెను. 1917 నుండి వెస్టు విట్టరింగు గ్రామము ఆయనకు నివాసమయ్యెను.

మొదటి ప్రపంచయుద్ధకాలమున ఆయన ఈగిల్ అను విమానపు ఇంజనును నిర్మించెను. 1919లో అట్లాంటిక్ సముద్రమును ఆగకుండ మొట్టమొదట దాటిన విమానమునకు అవే యింజనులు. 1929లోను 1931లోను ష్నైడర్ పందెమును గెలిచిన విమానములకును ఆయన యింజనులే యుండెను. 1930లో ప్రభుత్వము ఆయనకు బారనెట్ బిరుదమునిచ్చెను. అంతటివాడయ్యును తన్ను మెకానిక్కని చెప్పుకొనుటయే ఆయనకు ప్రియము. 1933 ఏప్రిల్ 22వ తేదీన, డెబ్బదియవ యేట, వెస్టు విట్టరింగులో పరమపదించెను. ఆయన కడపటి యేండ్లలో తలపెట్టిన మెర్లిన్ ఇంజను రెండవ ప్రపంచయుద్ధమున ఆయన దేశమును కాపాడిన విమానములను నడపెను.

ఇప్పుడు ఆదోని కారునకు తిరిగి వత్తము. రెండుసార్లు లైనింగులు మార్చియు ఫలము లేనప్పుడు, పెండ్లివారు యెమ్మిగనూరునుండి ఒక మేస్త్రిని పిలిపించిరి. వచ్చినవానిని చూచి మేము తలవంచుకొంటిమి. వాడు మా పూర్వశిష్యుడు. ఎనిమిదవ తరగతిలో శబ్దరూపములు అప్పజెప్పలేకపోయినందున, వీనికి విద్య రాదు, ఎక్కడనైన పనిలో పెట్టుకొనుమని వాని తండ్రితో చెప్పి పంపినవారము మేమే. మగ్గముమీద కూర్చుండు ఆ నేతగాడు చేతులు కట్టుకొని, సరే అయ్యవారూ అని తలయూపి పోయెను. అది జరిగి ముప్పదియేండ్లు.

శిష్యుడు మాకు నమస్కరించి, కారును వెంటనే ముట్టలేదు. బ్రేకు ఉదయము మేలా సాయంత్రము మేలా, ఎన్ని మైళ్లకు చెడుచున్నది, గేరుపెట్టెలో నూనె యెవరు పోసిరి, ఎంత పోసిరని డ్రైవరును అడిగెను. పిదప జాకీలను తీయించి, కారును చదునునేలమీద నిలిపించెను. నలుగురు యువకులను వెనుకనుండి మెల్లగా నెట్టుమనెను. డ్రైవరును పెడలు తేలికగా త్రొక్కుమనెను. తాను ప్రక్కన నేలమీద పండుకొని ముందుకడ్డీలవైపు చూచుచుండెను. బిళ్ల పట్టినచో ఆ కడ్డీలు ఒక్కసారి బిగియవలెను. అవి కొంచెము వణకి యూరకున్నవి. మూత విప్పగా రాపిడిబిళ్ల నూనెతో తళతళలాడుచుండెను. షెడ్డువారు నిర్దోషములైన ముందుబ్రేకులను రెండుసార్లు విప్పిరి. నిలిచియున్న కారులో ముందుచక్రములు పట్టకుండుట దోషమనుకొనిరి.

బిళ్లను తుడిచి బిగించిన నాటికి పని జరిగిపోవును, కూలియు వచ్చును. వాడట్లు చేయలేదు. ఈ నూనె యెక్కడిదని వెదకెను. ఇరుసు చుట్టునున్న సీలు ముదిరి గట్టిపడి యుండెను. అంతేగాక ప్రేమాతిశయముచేత ఎవరో గేరుపెట్టెలో గుర్తునకు మించి నూనె పోసియుండిరి. బండి వేడెక్కగానే ఆ నూనె పలుచనై సీలు దాటి బిళ్లపైకి వచ్చుచుండెను. సీలు మార్చి, నూనె గుర్తువరకు తగ్గించి, బిళ్లకు క్రొత్త లైనింగు వేసి, మరల నెట్టించెను. కడ్డీలు బిగిసినవి. నెట్టుచున్న నలుగురును గోడకు తగిలినట్లు నిలిచిపోయిరి.

ఇది నీకెట్లు తెలిసెనని యడిగితిమి. తన తండ్రి మగ్గముమీద నేర్చితినని వాడు చెప్పెను. బట్టలో నిలువుగీత కనబడినచో, నేత తెలిసినవాడు ఆ బట్టను సరిచేయబోడు. పన్నెలో ఏ పుల్ల వంగినదో చూచును. మగ్గము నిలిపి చూచినచో తెలియదు, నేయుచు చూడవలెను. రూపమును చూచి ధాతువును కనుగొనుటయే కదా మేము బడిలో చెప్పినదియు! ఆ విద్య వానికి వచ్చియుండెను. మేము వానిని బల్లమీద కూర్చుండబెట్టి, నిలిచియున్న కారును పరీక్షించినట్లు పరీక్షించితిమి. నడకలో చూడలేదు. దోషము వానిది గాదు, పరీక్షది. రాయిస్ చరిత్రము నాకు తెలియదా అయ్యవారూ అని వాడే మాకు ఆయన కథను మొదట చెప్పెను. పిమ్మట మేము వెదకి చదివితిమి.

బాంధవులారా, యెమ్మిగనూరు గొప్ప ప్రయత్నము నెరుగని యూరు గాదు. 1938లో చేనేతవారి సహకారసంఘమును స్థాపించి, 1954లో పద్మశ్రీ పొందిన మాచాని సోమప్పగారి పట్టణమది. చేతిపనిని సంఘశక్తితో నిలుపవచ్చునని వారు చూపిరి. మన సంఘనిధినుండి యేటేట ఇచ్చు విద్యార్థివేతనములు కళాశాలలకు పోవు పిల్లలకే చేరుచున్నవి. అది మంచిదే. అయితే రాయిస్‌కు ఏటికి 20 పౌనులిచ్చిన ఆ బంధువురాలిని ఒకసారి తలచికొనుడు. ఆమె ధనము మరి రెండేండ్లు నిలిచియున్నచో, ఆ బాలుడు లీడ్సు వీధులలో పనికై తిరుగవలసి యుండెడిది కాదు. ఐ.టి.ఐ.లలోను, కార్ఖానాలలోను పని నేర్చుకొనుచు సగములో ఆగిపోవు మన పిల్లలకును ఒక భాగము కేటాయింపుడని ఈ మహాసభవారిని, పోషకులను ప్రార్థించుచున్నాము. మా యుద్యోగవిరమణ వేతనమునుండి మొదటి పిల్లవాని యొక యేటి ఖర్చు మేమిత్తుము. ముప్పదియేండ్ల క్రిందట ఒక నేతగానితో మేమాడిన మాటకు అది వడ్డీకైనను చాలదని యెరుగుదుము.